బడి వ్యాను మన గుమ్మం ముందు ఆగని జూన్

మీ ఉత్తరాలు – నా జవాబులు

జూన్ 12న బడులు తెరిచాక వచ్చిన ఉత్తరాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. మామూలుగా ఈ నెలలో ఫీజుల గురించి, ట్యూషన్ల గురించి, పిల్లాడు ఎక్కాలు మర్చిపోయాడని రాస్తారు. ఈసారి సగానికి పైగా ఉత్తరాలు పిల్లలు ఇంట్లో లేని అమ్మానాన్నలవే. నేను ముప్పై ఏళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను, ఇద్దరు పిల్లల్ని పెంచి బయటికి పంపాను, కాబట్టి ఈ జూన్ నెల బడి లోపల ఎలా ఉంటుందో తెలుసు, ఖాళీ అయిన ఇంట్లో ఎలా ఉంటుందో కూడా తెలుసు. మా అమ్మ కాలంలో పిల్లలకి పెళ్ళిళ్ళయ్యాకో ఉద్యోగాలొచ్చాకో ఇల్లు బోసిపోయేది. ఇప్పుడు మన రెండు రాష్ట్రాల్లోనూ పదో తరగతి ఫలితాలొచ్చిన నెలకే పెట్టే బేడా సర్దేస్తున్నాం. కొందరైతే ఇంకా ముందే, ఆరో తరగతికే. అప్పటికి కొంతమంది అమ్మలకి నలభై కూడా నిండవు. అందుకే ఈ సంచికలో మిగతా ఉత్తరాలన్నీ పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: అక్కా, మా చిన్నవాడిని జూన్ మొదటి వారంలో విజయవాడలో ఇంటర్ హాస్టల్లో దింపి వచ్చాం. పెద్దమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటోంది. బడులు తెరిచిన రోజు మా వీధిలో వ్యాను హారన్ వినపడగానే నా చెయ్యి దానంతటదే క్యారేజీ గిన్నె తీసింది. తీశాక గుర్తొచ్చింది, వాడు లేడు కదా అని. అప్పట్నుంచి ఏ పనీ తిన్నగా సాగట్లేదు. రాత్రుళ్ళు నిద్ర లేదు. మా ఆయనేమో "శుభమా అని చదువుకోడానికి వెళ్తే ఆ ఏడుపేంటి" అంటారు. నాకు 46 ఏళ్ళు. ఇది జబ్బా, లేక నేనే మరీ ఎక్కువ చేస్తున్నానా?
– ఒక అమ్మ, తణుకు

జవాబు: చెల్లీ, ఎల్‌కేజీ నుంచి పది దాకా పన్నెండేళ్ళు, ఏడాదికి బడి పనిచేసేది రెండొందల పైచిలుకు రోజులు, అంటే ఆ చెయ్యి ఒక్క చిన్నవాడికే దాదాపు రెండున్నర వేల క్యారేజీలు కట్టింది. అది ఒక్క వారంలో మానుకోమంటే ఎలా మానుకుంటుంది? మీరు ఎక్కువ చెయ్యడం లేదు.

పెళ్ళిలో అప్పగింతలప్పుడు పిల్ల తల్లి ఏడిస్తే శుభకార్యంలో ఏడుపేంటని ఎవరూ అనరు. అక్కడున్న ఆడవాళ్ళందరూ కొంగుతో కళ్ళు తుడుచుకుంటారు, మగపెళ్ళివారు కూడా కాసేపు ఆగుతారు, తర్వాత ఎవరో ఒకరు వచ్చి ఆ తల్లికి మంచినీళ్ళు ఇచ్చి భుజం పట్టుకుని తీసుకెళ్తారు. పిల్లాడిని హాస్టల్లో దింపి వచ్చే తల్లికి ఇవేవీ లేవు. బకెట్టు, మగ్గు, తాళం కప్ప కొని, మంచం మీద దుప్పటి పరిచి, వార్డెన్‌కి ఒకటికి రెండుసార్లు చెప్పి, "టైమైంది, పేరెంట్స్ బయటికి రావాలి" అనగానే వచ్చి బస్సెక్కడమే. అంత పెద్ద విషయం అయిపోయింది, కానీ ఏడవడానికి మీకంటూ ఒక వేళ ఎవరూ ఇవ్వలేదు. అందుకే అది ఇప్పుడు క్యారేజీ గిన్నె దగ్గర, మంచం దగ్గర, నిద్రలో ఎక్కడపడితే అక్కడ బయటికొస్తోంది. ఒకరోజు మనసారా ఏడవండి. మీ అమ్మగారుంటే వాళ్ళింటికెళ్ళి ఆవిడ దగ్గర ఏడవండి, మీరు ఇల్లు విడిచి వచ్చినప్పుడు ఆవిడ ఎలా ఉన్నారో అడగండి. నేను అడిగాను మా అమ్మని. అప్పటిదాకా నాకు ఎప్పుడూ చెప్పలేదు, నేను అత్తారింటికి వెళ్ళిన నెల రోజులు మా అమ్మ నా కంచం కడిగి బోర్లించి పెట్టేదిట.

ఇంట్లో చెయ్యగలిగినది ఒకటి చెప్తాను. మా చిన్నది వెళ్ళిన ఏడు వేసవిలో నేను ఎప్పటిలాగే పాతిక కాయలు కొట్టించి ఆవకాయ పెట్టాను. మూడో రోజు తిరగకలిపి, దానికి ఒక సీసా విడిగా సర్ది పంపాను. ఏటా దసరాకల్లా సగానికి దిగే జాడీ ఆ ఏడు సంక్రాంతికి కూడా మెడ దాకా నిండుగానే ఉంది. మూత తీసి ఆ నూనె తేట చూసినప్పుడల్లా గుండెలో కలుక్కుమనేది. అన్నం కూడా అంతే, ఇద్దరికి నలుగురి బియ్యం పోసి, మిగిలింది మర్నాడు పులిహోర కలిపి, అది కూడా మిగిలి, పనమ్మాయికి ఇస్తూ కూర్చునేదాన్ని. చాలా నెలలకి గానీ అర్థం కాలేదు, నా కొలతలు మారలేదు కాబట్టి ఆ మిగిలిపోయిన అన్నమే నాకు రోజూ రెండు పూటలా పిల్ల లేదని గుర్తు చేస్తోందని. మరుసటి ఏడు పదే కాయలు, చిన్న జాడీ. చిన్న కుక్కరు కొన్నాను. మీరు ఏడాది ఆగకండి, ఈ వారమే బియ్యం డబ్బాలో గ్లాసు మార్చండి. వినడానికి చిన్న పనిలాగే ఉంటుంది గానీ చేసిన మొదటి రోజు చాలా కష్టంగా ఉంటుంది, తర్వాత తర్వాత తేలికవుతుంది.

ఇంకొకటి గమనించండి, మీ బాధ రోజంతా ఒక్కలా ఉండదు. వ్యాను వచ్చే వేళకి ఒకసారి, సాయంత్రం నాలుగున్నరకి ఒకసారి పొంగుకొస్తుంది. నాలుగున్నరకి వాడు బ్యాగు సోఫాలో పారేసి సాక్సులు విప్పకుండానే "అమ్మా, ఏముంది తినడానికి" అంటూ వంటింట్లోకి వచ్చే వేళ. మిగతా రోజంతా మీరు పనులు చేసుకుంటూనే ఉన్నారు కదా? కాబట్టి రోజంతటినీ మార్చాల్సిన పనిలేదు, ఆ ఒక్క గంట సంగతి చూడండి. ఆ గంటకి ఇంట్లో ఉండకండి. గుడికో, రైతు బజారుకో, పక్క వీధిలో స్నేహితురాలి ఇంటికో, ఎక్కడికైనా సరే, నాలుగుంపావుకే చెప్పులేసుకుని బయటపడండి. నేను మా ఊరి శాఖా గ్రంథాలయానికి వెళ్ళేదాన్ని. మొదటి వారం పేపరు తిరగేశానే గానీ ఒక్క ముక్క చదవలేదు. అయినా వెళ్ళాను.

వాడితో ఫోను ఆదివారం ఒక్కసారే అని వేరే కాగితం మీద రాశారు. ఆ పది నిమిషాల్లో వీక్లీ టెస్టు మార్కులు అడగకండి. అవి కాలేజీ వాళ్ళే మెసేజీ పెడతారు. పొద్దున్న చీకటితో లేచి రాత్రి స్టడీ అవర్ దాకా వాడు వినేది మార్కుల మాటే. మీరు వాడి పక్క మంచం అబ్బాయిది ఏ ఊరో అడగండి, వాళ్ళమ్మ ఏం పచ్చడి పంపిందో అడగండి, టిఫిన్లో ఏ రోజు ఏం పెడుతున్నారో అడగండి. అప్పుడు వాడి గొంతు ఎలా మారుతుందో మీకే తెలుస్తుంది. అలా కబుర్లు చెప్పే అలవాటు ఉన్న పిల్లాడే నిజంగా కష్టం వచ్చినప్పుడు కూడా చెప్తాడు.

నిద్ర సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. మన దగ్గర చాలామంది ఆడవాళ్ళకి నెలసరి ఆగే వయసూ, పిల్లలు ఇల్లు వదిలే వయసూ ఒకేసారి వచ్చి పడుతున్నాయి. ఒళ్ళు ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం ఇవన్నీ దాని వల్ల కూడా ఉండొచ్చు. ఒకసారి లేడీ డాక్టరుకి చూపించుకుని థైరాయిడ్, రక్తం పరీక్షలు చేయించుకోండి. రెండు వారాలు దాటినా రోజంతా దిగులుగా ఉండి, తిండి సయించక, ఇష్టమైన పనుల మీద కూడా మనసు పోకపోతే అది ఓర్చుకుని ఊరుకోవలసిన విషయం కాదు, వైద్యం ఉన్న విషయం. టెలిమానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో పెట్టిన ఉచిత ఫోన్ సాయం ఉంది, నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు, రాత్రి పగలు తేడా లేదు. నంబరు ఫ్రిజ్ మీద రాసి పెట్టుకోండి, వాడికి కూడా ఇవ్వండి.

మీ ఆయన మాటకి కోపం తెచ్చుకోకుండా ఒకసారి ఈ కింది ఉత్తరం ఆయన చేత చదివించండి.

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. మాది జగిత్యాల దగ్గర పల్లె. మా బిడ్డ సర్కారు బడిల చదివి పదిల మంచి మార్కులు తెచ్చుకుంది, పోయిన ఏడు బాసర ట్రిపుల్ ఐటీల సీటు వచ్చింది. ఊరంతా మెచ్చుకున్నరు. నేను కూడా నవ్వుకుంటనే తీస్కపోయి దింపి వచ్చిన. ఏడాది కావస్తున్నది. రోజు పొద్దున బండి మీద బిడ్డను బడి కాడ దింపి పొలం పోయేటోన్ని. బళ్ళు తెరిచిన్నాడు అదే తొవ్వల పోతుంటే బండి వెనుక బరువు లేదని కండ్లల్ల నీళ్ళు తిరిగి బండి పక్కకు ఆపుకున్న. ఇంట్ల ఎవరికీ చెప్పలె. మొగోడు ఏడిస్తే ఏమంటరు? ఇది ఎవరికైనా అయితదా, నాకే అయితాందా?
– ఒక తండ్రి, జగిత్యాల జిల్లా

జవాబు: తమ్ముడూ, చాలామందికి అవుతుంది. బయటికి చెప్పే మగవాళ్ళు తక్కువ, అంతే. మా ఆయన కూడా పిల్ల వెళ్ళిన కొత్తలో దాని సైకిలుకి ప్రతి ఆదివారం గాలి కొట్టి, తుడిచి, మళ్ళీ గోడకి ఆనించేవారు. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇప్పుడనిపిస్తుంది, అడగాల్సిందని.

మీ ఉత్తరం వెనక పేజీలో రాసిన సంగతి చదివి నేను కాసేపు కాగితం పక్కన పెట్టేశాను. అమ్మాయికి నాలుగేళ్ళప్పుడు అక్షరాభ్యాసానికి ఆ బాసరకే తీసుకెళ్ళామని, సరస్వతమ్మ ముందు ఒళ్ళో కూర్చోబెట్టుకుని వేలు పట్టి మీరే పలక మీద దిద్దించారని రాశారు. గోదావరి ఒడ్డున ఏ ఊళ్ళో అయితే బలపం పట్టించారో అదే ఊళ్ళో ఇంజినీరింగ్ చదువుకి దింపి వచ్చారు. ఈ మాట మీ బిడ్డకి చెప్పారా? నాకు తెలిసి చెప్పి ఉండరు. చెప్పండి.

2008లో ఈ ట్రిపుల్ ఐటీలు పెట్టిందే మీ అమ్మాయిలాంటి పిల్లల కోసం. పల్లెల్లో సర్కారు బడుల్లో పదో తరగతి బాగా చదివిన పిల్లలు డబ్బుల్లేక, దగ్గర్లో మంచి కాలేజీ లేక ఆగిపోకూడదని. రెండేళ్ళు పీయూసీ, నాలుగేళ్ళు బీటెక్, మొత్తం ఆరేళ్ళు ఒకేచోట. అంటే మీరు ఇంకో అయిదేళ్ళు ఈ బండి మీద ఒంటరిగానే వెళ్ళాలి. తప్పదు. నేను పనిచేసిన బడి నుంచి నూజివీడు ట్రిపుల్ ఐటీకి వెళ్ళిన పిల్లల్ని చూశాను. మొదటి దసరా సెలవులకి వచ్చినప్పుడు బక్కచిక్కి, సిగ్గుపడుతూ, స్టాఫ్ రూము గుమ్మం దగ్గరే నిలబడేవాళ్ళు. రెండో ఏడు వచ్చినప్పుడు లోపలికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చుని "మేడమ్, మన స్కూల్లో ల్యాబు ఇంకా అలాగే ఉందా" అని అడిగేవాళ్ళు. మీ బిడ్డ కూడా ఆ దోవలోనే ఉంది.

మీరు చెయ్యవలసింది, ముందు ఇంట్లో ఆమెతో చెప్పండి. బండి ఆపుకున్న సంగతి ఆవిడకి చెప్తే ఆవిడ కూడా తను ఎక్కడెక్కడ ఏడ్చిందో చెప్తుంది, ఒకే ఇంట్లో ఇద్దరూ విడివిడిగా దాచుకోవడం అవసరమా? తర్వాత, బిడ్డకి ఉత్తరం రాయండి. ఫోన్లో మీలాంటివాళ్ళు "తిన్నవా, మంచిగున్నవా, పైసలున్నయా" అని మూడు ముక్కలు మాట్లాడి అమ్మకి ఇచ్చేస్తారు. కాగితం మీదైతే ఇంత చక్కగా రాశారు కదా నాకు. పోస్టాఫీసులో ఇన్‌లాండ్ లెటర్ ఇప్పటికీ రెండున్నర రూపాయలే. పొలంలో ఏం వేశారో, వాన ఎట్లా ఉందో, ఏ బర్రె ఈనిందో రాయండి. హాస్టల్లో నాన్న చేతిరాతతో ఉత్తరం వచ్చిన పిల్ల దాన్ని ఎన్నిసార్లు చదువుకుంటుందో నాకు తెలుసు, నా బీఈడీ హాస్టల్ రోజుల నాటి నాన్నగారి ఉత్తరాలు ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి.

ప్రశ్న: అమ్మా, మా పాప ఆరో తరగతికి ఎంట్రన్స్ రాసి ప్రభుత్వ గురుకులంలో చేరింది. పదకొండేళ్ళు. మొదటి ఫోన్లోనే "అమ్మా, వచ్చి తీసుకెళ్ళిపో" అని ఏడ్చింది. మంచి చదువని పంపాం. తప్పు చేశామా?
– ప్రకాశం జిల్లా నుంచి ఒక తల్లి

జవాబు: మీరు పంపింది దాని మంచికే, అందులో సందేహం పెట్టుకోకండి. అయితే నేను పై ఇద్దరికీ చెప్పిన మాటలు మీకు చెప్పను. వాళ్ళ పిల్లలు పదిహేను దాటినవాళ్ళు, వాళ్ళు తట్టుకోవాల్సింది ఖాళీ ఇంటిని. మీది ఇంకా జడ వేసుకోవడం కూడా రాని పిల్ల. ఇక్కడ మీ దిగులు కంటే ముందు దాని మాట వినాలి.

మొదటి నెల ఏడవడం మామూలే. చాలామంది పిల్లలు ఫోన్లో అమ్మ గొంతు వినగానే ఏడ్చి, ఫోను పెట్టేసిన పది నిమిషాలకి ఆటల్లో పడిపోతారు. అది ఎలా తెలుసుకోవాలంటే వార్డెనమ్మని గానీ క్లాసు టీచర్ని గానీ "ఫోను పెట్టేశాక ఎలా ఉంటోందండీ, తింటోందా, ఎవరితో కూర్చుంటోంది" అని అడగండి. ఆ పిల్ల పేరు కనుక్కుని, చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆ పిల్లకి కూడా రెండు సున్నుండలు తీసుకెళ్ళండి. ఒక్క స్నేహితురాలు దొరికితే సగం గండం గట్టెక్కినట్టే.

కానీ ఏడుపు నెల దాటినా తగ్గకుండా పెరుగుతున్నా, తిండి మానేసినా, ఎప్పుడూ లేనిది పక్క తడుపుతున్నా, ఎవరైనా కొట్టారన్నా, తాకారన్నా, బతకాలని లేదు లాంటి మాట నోట్లోంచి వచ్చినా ఆదివారం దాకా ఆగకండి, ఆ రోజే బస్సెక్కండి. పిల్లల సహాయానికి 1098 నంబరు ఎప్పుడూ ఉంటుంది. సీటు పోతుందని, నలుగురూ ఏమనుకుంటారోనని ఆలోచించకండి. సీటు పోతే ఇంకో బడి చూసుకోవచ్చు. అవసరమైతే వెనక్కి తీసుకొస్తామని పిల్లకి తెలిసి ఉండాలి. విచిత్రం ఏంటంటే అది తెలిసిన పిల్లలే ఎక్కువగా అక్కడ నిలదొక్కుకుంటారు. నేను చూశాను.

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయి పోయిన ఆగస్టులో ఎంఎస్‌కి డాలస్ వెళ్ళాడు. మెసేజీ పెడితే గంటల తరబడి చూడడు. వాట్సాప్‌లో ఆన్‌లైన్ అని కనిపిస్తుంది, నాకు మాత్రం జవాబివ్వడు. రాత్రి రెండింటి దాకా ఫోను పట్టుకునే ఉంటున్నాను. మొన్న "నువ్వు నన్ను సీసీ కెమెరాలా చూస్తున్నావమ్మా" అని విసుక్కున్నాడు. మనసు విరిగిపోయింది.
– కూకట్‌పల్లి నుంచి

జవాబు: అమ్మా, వాడు అలా అనకుండా ఉండాల్సింది. అయినా ఆ మాటలో కొంత నిజం ఉందని మీకూ తెలుసు, తెలుసు కాబట్టే నాకు రాశారు.

వాడి రోజు ఎలా ఉంటుందో ఒకసారి చూడండి. ఈ నెలల్లో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక, నవంబరు మొదటి ఆదివారం నుంచి పదకొండున్నర. మీరు రాత్రి పదకొండింటికి "తిన్నావా" అని పెట్టేసరికి వాడికి మధ్యాహ్నం పన్నెండున్నర, క్లాసులోనో పనిలోనో ఉంటాడు. అక్కడి స్టూడెంట్ వీసా మీద చదువు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి ఇరవై గంటల దాకా పని చేసుకోవచ్చు, చాలామంది పిల్లలు ఆ ఇరవై గంటలూ లైబ్రరీలోనో క్యాంటీన్లోనో నిలబడే పని చేస్తారు, తర్వాత వచ్చి వండుకోవాలి, గిన్నెలు తోముకోవాలి. శంషాబాద్‌లో మీరు బరువు చూసి చూసి సర్దిన రెండు 23 కిలోల పెట్టెల్లో కుక్కరు కూడా ఉంది కదా, దాన్ని తోమేది వాడే ఇప్పుడు. ఆన్‌లైన్ అని కనిపించినంత మాత్రాన ఖాళీగా ఉన్నాడని కాదు.

వాడితో మాట్లాడి వారానికి ఒక వేళ ఖాయం చేసుకోండి. ఆదివారం వాడికి ఉదయం తొమ్మిదంటే మనకి రాత్రి ఏడున్నర, అప్పుడు ఇద్దరికీ తీరికే. ఆ ఒక్కటీ తప్పకూడదని వాడి దగ్గర మాట తీసుకోండి. మిగతా రోజుల్లో మీరు మెసేజీ పెట్టండి, కానీ జవాబు అడిగేవి కాకుండా, మీ సంగతులు. బాల్కనీలో మల్లెమొగ్గ ఫోటో, ఆ రోజు చేసిన గుత్తి వంకాయ ఫోటో. వాడు చూస్తాడు. ఒక్కోసారి రాత్రి ఒంటిగంటకి వాడే "అమ్మా, గుత్తి వంకాయలో పల్లీలు ఎప్పుడు వెయ్యాలి" అని అడుగుతాడు. మా వాడు అలాగే అడిగాడు, మొదటి ఏడాది చివర్లో. రాత్రి పదింటికి ఫోను హాల్లో ఛార్జింగ్ పెట్టి పడుకోండి. అత్యవసరమైతే వాడు మామూలు ఫోను కాల్ చేస్తాడు, రింగు గట్టిగా పెట్టుకుంటే చాలు.

ప్రశ్న: అక్కా, ఇంటర్ మధ్యలో పెళ్ళయింది, చదువు ఆగిపోయింది. ఇప్పుడు 41. ఇద్దరు పిల్లలూ హాస్టళ్ళకి వెళ్ళిపోయారు. పుస్తకాలకి అట్టలు వేసే పని కూడా లేకపోయేసరికి నాకే చదువుకోవాలని ఉంది. నవ్వుతారేమో.
– ఒక చెల్లెలు, నల్లగొండ

జవాబు: ఎవరూ నవ్వరు, నవ్వితే నవ్వనివ్వండి. రెండు రాష్ట్రాల్లోనూ ఓపెన్ స్కూల్ ఉంది, అక్కడ ఇంటర్ పూర్తి చెయ్యడానికి పై వయసు అడ్డు లేదు. ఆ తర్వాత డిగ్రీకి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1982లో మన దగ్గరే మొదలైంది, దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ అదే. ఇంట్లో చదువుకుంటూ సెలవు రోజుల్లో దగ్గర్లోని స్టడీ సెంటర్‌కి వెళ్ళి పాఠాలు వినొచ్చు. అడ్మిషన్లు కూడా మామూలుగా ఈ రోజుల్లోనే జరుగుతాయి కాబట్టి మీ పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్, ఫోటోలు సర్దుకుని ఈ వారమే మీ ఊళ్ళో ఓపెన్ స్కూల్ సెంటర్ ఏ హైస్కూల్లో ఉందో వెళ్ళి కనుక్కోండి. ఆ సెంటర్లో పరీక్షలప్పుడు నేను ఇన్విజిలేషన్ చేసిన రోజుల్లో ఒక ముందు బెంచీలో నలభై దాటిన ఆవిడ, అదే గదిలో రెండు బెంచీల వెనక ఆవిడ మేనల్లుడు కూర్చుని పరీక్ష రాశారు. ఇద్దరూ పాసయ్యారు. మీ పుస్తకాలు వచ్చాక వాటికి అట్టలు మీరే వేసుకోండి, లేబుల్ మీద మీ పేరు రాసి నాకు ఫోటో పంపండి.

ప్రశ్న: మా ఇంట్లో అటక నిండా పిల్లల పాత నోటు పుస్తకాలు, యూనిఫాంలు, బ్యాగులు ఉన్నాయి. పాత పేపర్లవాడికి వెయ్యడానికి మనసొప్పట్లేదు, ఉంచితే చూసినప్పుడల్లా ఏడుపొస్తోంది. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు, అనకాపల్లి

జవాబు: ఒక ఆదివారం మీ వారిని కూడా కూర్చోబెట్టుకుని అటక దింపండి. ఒక్కరే దింపొద్దు. పిల్లల్ని వీడియో కాల్‌లో పెట్టుకోండి, వాళ్ళకి ఏది కావాలో వాళ్ళే చెప్తారు, మనం దాచిపెట్టాలనుకునేవీ వాళ్ళు ఉంచమనేవీ ఒకటి కావు సాధారణంగా. ఒక్కొక్కరికి ఒక్క అట్టపెట్టె చాలు. నేను దాచింది మా వాడి ఒకటో తరగతి కాపీ పుస్తకం, మా దాని మొదటి బూట్లు, ప్రోగ్రెస్ కార్డులు. అంతే.

బాగున్న యూనిఫాంలు ఉతికి, ఇస్త్రీ చేయించి, గుండీలు ఊడినవి కుట్టి, అదే బడికి పట్టుకెళ్ళి హెడ్ మాస్టరుగారికి ఇవ్వండి. జూన్, జూలై నెలల్లో ప్రతి బడిలో కొత్తగా చేరి ఇంకా యూనిఫాం రాని పిల్లలు ఉంటారు, ఆయనకి ఎవరికివ్వాలో తెలుసు. బ్యాగులు కూడా, జిప్పు బాగుంటేనే. చిరిగినవి ఇవ్వకండి.

ఇక నోటు పుస్తకాలు. ప్రతి పుస్తకం చివర పదో ఇరవయ్యో తెల్ల కాగితాలు మిగిలి ఉంటాయి, పిల్లలు ఏ పుస్తకాన్నీ పూర్తిగా రాయరు. అవి జాగ్రత్తగా విడదీసి, గీతలున్నవి ఒక కట్ట, తెల్లవి ఒక కట్ట పెట్టి, బైండింగు షాపులో ఇస్తే అట్ట వేసి దారంతో కుట్టి ఇస్తాడు. మా ఇద్దరి పుస్తకాల్లోంచి ఏడు రఫ్ నోట్సులు వచ్చాయి. ఆరు మా వీధిలో పిల్లలకి ఇచ్చాను. ఏడోది నా దగ్గరే ఉంది, మీ ఉత్తరాలకి జవాబులు ముందు దాన్లోనే రాసుకుంటాను. మధ్యలో ఒక కాగితం మూల మా చిన్నది ఎప్పుడో పెన్సిల్‌తో వేసిన పిల్లి బొమ్మ కూడా వచ్చేసింది. దాని చుట్టూ వదిలేసి రాస్తున్నాను.